మిర్చి ధర రెట్టింపైందా?

(గుంటూరులో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అంకెల్ని బొమ్మలుగా గీసే చార్టులు నిజం ఎలా చెబుతాయో, అబద్ధం ఎలా ఆడతాయో చూడ్డమే ఇవాళ్టి పని. భోజనాలయ్యాక ప్రసంగం పెట్టారు కాబట్టి నిద్రొస్తే తప్పు మీది కాదు. అందుకే తెర మీద నేనేమీ చూపించను. నోటుబుక్కులు తీయండి, మీరే గీద్దురుగాని.

మన మిర్చి యార్డుతోనే మొదలుపెడదాం. నిన్న క్వింటా 14,000, ఇవాళ 14,500 పలికిందనుకోండి. లెక్క కోసం చెబుతున్నా, ఈ ధర నమ్మి టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, బండికెత్తకండి. రెండు ధరలకీ రెండు బార్లు, అంటే నిలువు పట్టీలు, గీయండి. అయితే నిలువు గీతను సున్నా దగ్గర కాకుండా 13,500 దగ్గర మొదలుపెట్టండి. చూశారా, ఇవాళ్టి బారు నిన్నటిదానికి సరిగ్గా రెండింతలుంది! పెరిగిందేమో నాలుగు శాతం లోపే. రాసిన అంకెలన్నీ నిజమే, బొమ్మ మాత్రం అబద్ధం. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకున్న రైతు దీన్ని చూస్తే ఇంకో వారం ఆగుదామనుకుంటాడు.

బారులో కన్ను చూసేది పొడవునే. అడుగు భాగం కోసేస్తే ఆ పొడవుకి అర్థం పోతుంది. అందుకే బారుకి సున్నా తప్పనిసరి. లైన్ గ్రాఫుకి ఈ పట్టింపు లేదు. జ్వరం చార్టును సున్నా డిగ్రీల నుంచి గీస్తే 98.6కీ 103కీ తేడా తెలియక పేషెంటు ప్రాణం మీదికొస్తుంది.

బార్ చార్టునీ లైన్ గ్రాఫునీ 1786లో తన పుస్తకంలో అచ్చువేసినవాడు విలియం ప్లేఫేర్. ఆ రెండింటికీ ఆయనకు దండం పెడతాను. 1801లో గుండ్రటి రొట్టెను ముక్కలు కోసినట్టుండే "పై" (pie) చార్టు కూడా ఆయనే తెచ్చాడు, దానికి మాత్రం పెట్టను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రివ్యూ మీటింగుకి పద్నాలుగు మండలాలతో పై చార్టు, అదీ త్రీడీలో, చేసుకెళ్లాను. రంగులు ఎంచడానికే ఒక పూట పట్టింది. త్రీడీలో ముందువైపు ముక్క లావుగా కనబడుతుంది కదా, పెద్దాయన దాన్నే చూసి "ఈ మండలం భేష్" అన్నారు. అది నిజానికి అయిదో స్థానంలో ఉంది. నేను నోరు మెదపలేదు. తర్వాత దాన్ని జిరాక్సు తీసి పంచితే పద్నాలుగు రంగులూ కలిసి ఒకే బూడిద ముద్దయ్యాయి.

ఇక కృష్ణమ్మ సంగతి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఈ అంకె విని లంక గ్రామంలో మనిషి ఏం చేయాలి? అడుగున గంటలు, నిలువున క్యూసెక్కులు పెట్టి వరద గీత గీయండి. ఇప్పుడు 3.97 లక్షల దగ్గర ఒక అడ్డగీత, 5.69 లక్షల దగ్గర ఇంకొకటి. ఒకటో హెచ్చరిక, రెండో హెచ్చరిక. ఆ పేర్లు మూలన పెట్టెలో కాదు, గీతల పక్కనే రాయండి. సామాన్లు సర్దుకుంటున్నవాడికి క్యూసెక్కుల లెక్కతో పనిలేదు. గీత దాటిందా, నీళ్లు ఇంకా ఎక్కుతున్నాయా, తీస్తున్నాయా? అంతే. ఆ అడ్డగీతలు రెండూ లేకపోతే మీరెంత అందంగా గీసినా ఆయనకి అది కొండ బొమ్మే.

సరే, ఇందాకటి మిర్చి బార్ల పక్కనే సున్నా నుంచి మళ్లీ గీయండి. దాదాపు ఒకే ఎత్తున వచ్చాయి కదా? "మరీ చప్పగా ఉంది సార్" అంటున్నారు వెనక బెంచీవాళ్లు. ఔను, ఇవాళ మార్కెట్టు చప్పగానే ఉంది.