మౌస్ కబురు ఎక్కడ ఆగింది? లినక్స్ డెస్క్‌టాప్‌లో వెతికే పద్ధతి

అందరికీ నమస్కారం.

లినక్స్ కంప్యూటర్‌కి మౌస్ తగిలించారు, తెర మీద బాణం కదల్లేదు. చాలామంది వెంటనే సిస్టమ్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి కూర్చుంటారు. రోగమొకటి, మందొకటి. మౌస్ కదలిక తెర దాకా రావాలంటే తీగ, పోర్టు, కెర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాము), డ్రైవరు, లిబ్‌ఇన్‌పుట్ (మౌస్, కీబోర్డు కదలికలను డెస్క్‌టాప్‌కి అందించే భాగం), ఆపైన తెరను నడిపే ఎక్సార్గ్ లేదా వేలాండ్, ఇన్ని చేతులు మారాలి. ఎవరి దగ్గర ఆగిందో తేల్చుకున్నాకే దేని మీదైనా చెయ్యి వేయండి.

మౌస్ లేదు కాబట్టి కీబోర్డుతోనే పని. ఉబుంటులో కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ వస్తుంది. రాకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కండి, అక్షరాలు మాత్రమే ఉండే తెర వస్తుంది, అందులో లాగిన్ అవ్వండి. అక్కడ సుడో (అడ్మిన్ హక్కులతో నడిపించే మాట), ఖాళీ, డీఎంఈఎస్‌జీ, ఖాళీ, హైఫన్ డబ్ల్యూ అని కొట్టండి. కెర్నెల్ మాటలన్నీ అప్పటికప్పుడు కనిపిస్తుంటాయి. ఇప్పుడు మౌస్ పీకి మళ్లీ పెట్టండి.

ఒక్క లైను కూడా రాలేదా? వేరే పోర్టులోనూ అంతేనా? అయితే తీగని అనుమానించండి. యూఎస్‌బీ మౌస్ తీగలో సాధారణంగా నాలుగు వైర్లు: ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండు, తెలుపు, ఆకుపచ్చ డేటాకి. చవక మౌసుల్లో ఈ రంగులు మారుతుంటాయి, మీటరు పెట్టి చూసుకోవాలి. మామూలు మౌస్ సెకనుకు 15 లక్షల బిట్ల వేగంతో నడిచే లో-స్పీడ్ పరికరం. అది తెల్ల వైరును 1.5 కిలో ఓముల రెసిస్టర్‌తో 3.3 వోల్టులకు ఎత్తి ఉంచుతుంది. కొత్త పరికరం వచ్చిందని కంప్యూటర్‌కి తెలిసేది ఆ వోల్టేజీ వల్లే. తెల్ల వైరు తెగితే కరెంటు అందుతుంది కాబట్టి అడుగున ఎర్ర లైటు వెలగొచ్చు, కెర్నెల్‌కి మాత్రం కబురే ఉండదు. అందుకే ‘లైటు వస్తోందిగా, మౌస్ బాగానే ఉంది’ అన్న మాట నమ్మకండి. వైరు ఎక్కువగా తెగేది మౌస్‌లోకి దూరే మెడ దగ్గర. అక్కడ పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచండి. తెరపై కనెక్ట్, డిస్‌కనెక్ట్ లైన్లు మారిమారి వస్తే దొంగ దొరికినట్టే. ఆ ముక్క కత్తిరించి టంకం పెడితే మౌస్ మళ్లీ పనిచేస్తుంది.

లైన్లు వచ్చి, వాటిలో మైనస్ 71 అనే ఎర్రర్ సంఖ్య కనిపిస్తే మాటలు చెదిరిపోతున్నాయని అర్థం. మైనస్ 110 అంటే గడువులోగా జవాబు రాలేదని. ముందు హబ్బు, ఎక్స్‌టెన్షన్ తీసేసి, మదర్‌బోర్డు వెనక పోర్టులో నేరుగా పెట్టండి.

లైన్లన్నీ శుభ్రంగా ఉన్నా బాణం కదలకపోతే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ హైఫన్ టీ కొట్టండి. మౌస్ లైనులో డ్రైవరు యూఎస్‌బీహెచ్‌ఐడీ అని ఉండాలి. ఆ చోట డ్రైవరు పేరు లేకపోతే, ముఖ్యంగా ఆర్చ్ లినక్స్ వాడేవారు, కెర్నెల్ అప్‌డేట్ చేసి రీస్టార్ట్ మరిచారేమో చూడండి. నడుస్తున్నది పాత కెర్నెల్, డిస్కు మీద ఉన్నవి కొత్త కెర్నెల్ మాడ్యూళ్లు, అంటే డ్రైవరు ఫైళ్లు. అప్పటిదాకా లోడ్ కాని డ్రైవరు ఇక దొరకదు. రీస్టార్ట్ చేస్తే చాలు.

డ్రైవరు ఉంటే సుడోతో లిబ్‌ఇన్‌పుట్ డీబగ్-ఈవెంట్స్ నడపండి. డెబియన్, ఉబుంటుల్లో లిబ్‌ఇన్‌పుట్-టూల్స్ ప్యాకేజీ వేసుకోవాలి. మౌస్ కదిపినప్పుడల్లా పాయింటర్ మోషన్ లైన్లు పడుతుంటే కెర్నెల్ దాకా అంతా క్షేమం, తప్పు డెస్క్‌టాప్‌ది. ఎక్సార్గ్ వాడుతుంటే దాని లిబ్‌ఇన్‌పుట్ ప్యాకేజీ పొరపాటున తీసేశారేమో చూడండి. ఎప్పుడో రాసుకున్న ఎక్సార్గ్ డాట్ కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైలు కూడా అడ్డుపడొచ్చు. చెరిపేయకుండా పేరు మార్చి, మళ్లీ లాగిన్ అవ్వండి.

వైర్‌లెస్ మౌస్ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ జాబితాలో కనిపించేది పోర్టులో పెట్టిన రిసీవరు, మౌస్ కాదు. బ్యాటరీ అయిపోయినా, జత విడిపోయినా రిసీవరు దర్జాగా కనిపిస్తూనే ఉంటుంది. లాజిటెక్ యూనిఫైయింగ్ రిసీవరైతే సోలార్ అనే ప్రోగ్రాముతో మళ్లీ జత చేయొచ్చు. బాణం ఎగిరెగిరి పడుతుంటే పక్క పోర్టులో యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ ఉందేమో చూడండి. అది పనిచేసేటప్పుడు పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద కూడా పడుతుంది. రిసీవరును ఎక్స్‌టెన్షన్ తీగతో మూరెడు దూరం జరిపి చూడండి.

పాత మెషీన్లలో గుండ్రటి ఆకుపచ్చ పీఎస్/2 పోర్టు ఉంటుంది. దానికి మౌస్ తగిలించాలంటే కంప్యూటర్ ఆపి తగిలించండి. కరెంటు ఉండగా పీకి పెట్టడానికి చేసిన పోర్టు కాదది.