బలం పెంచితే పోరు పలచబడుతుంది

అందరికీ నమస్కారం.

యాక్షన్ సినిమాకి రెండో భాగం తీద్దామనుకోగానే ముందు పెరిగేది సామాను: ఇంకా కార్లు, ఇంకా తుపాకులు, ఇంకా పెద్ద విలన్. హాల్లో కూర్చున్న మనకి కావలసింది వేరే. ఈసారి హీరో గెలవడం ఎందుకు కష్టం? సీక్వెల్ బాగుందా లేదా అన్నది నా దృష్టిలో ఈ ఒక్క ప్రశ్న దగ్గరే తేలిపోతుంది.

జేమ్స్ కామెరాన్ 1984లో 'టెర్మినేటర్' తీసింది సుమారు 64 లక్షల డాలర్లతో. 1991లో రెండో భాగానికి ఖర్చు సుమారు 10 కోట్ల డాలర్లు. అంత డబ్బున్నా, మొదటి భాగంలో మనల్ని భయపెట్టిన, మనిషి రూపంలోని అదే హంతక యంత్రాన్ని ఈసారి బలహీనుణ్ణి చేసి నిలబెట్టాడు. ఎదురుగా ద్రవలోహంతో చేసిన టీ-1000. కొడితే గుంట పడుతుంది, పూడుకుంటుంది, మళ్లీ నడిచొస్తుంది. ఆ సినిమా పేరు చెప్పగానే కంప్యూటర్ గ్రాఫిక్స్ అంటారు గానీ, టీ-1000కి వాడిన గ్రాఫిక్స్ మొత్తం కలిపితే సుమారు 5 నిమిషాలే. ఛాతీ మీద తూటా తగిలిన చోట వెండిపువ్వులా విచ్చుకునే గాయం ఉంది చూడండి, అది స్టాన్ విన్‌స్టన్ బృందం చేత్తో చేసిన స్ప్రింగు తొడుగు. దుస్తుల కింద మూసి ఉంచి, సరిగ్గా ఆ క్షణానికి వదిలేవారు. నిజంగా అక్కడున్న వస్తువు కాబట్టే దాని మీద వెలుగు సరిగ్గా పడింది, ఇప్పటికీ పాతబడలేదు.

అంతకంటే గొప్ప పని ఇంకొకటి ఉంది. మనుషుల్ని చంపకూడదని, అది కాపాడాల్సిన పిల్లవాడు జాన్ ఆ యంత్రానికి ఆజ్ఞ వేస్తాడు. సైబర్‌డైన్ కంపెనీ భవనం ముందు పోలీసులు బారులు తీరి ఉంటారు. మన యంత్రం చేతిలో మినీగన్. వందల తూటాలు పేలతాయి, కార్లు జల్లెడైపోతాయి, చివర దాని కంటితెరపై ప్రాణనష్టం 0.0 అని పడుతుంది. చేతికి పెద్ద తుపాకి ఇచ్చి, దాన్ని వాడే తీరుకి హద్దు గీశాడు. కొత్త ఆయుధం ఇస్తే సరిపోదు, దాంతోపాటు కొత్త హద్దు కూడా రావాలి. మిగతా సినిమాల్ని నేను ఈ గీటురాయి మీదే గీసి చూస్తాను.

'జాన్ విక్' సిరీస్ చూడండి. దర్శకుడు చాడ్ స్టాహెల్‌స్కీ పూర్వాశ్రమంలో స్టంట్‌మన్, 'మేట్రిక్స్'లో ఈ సిరీస్ హీరో కీనూ రీవ్స్‌కి డూపు. అందుకే 2014 నాటి మొదటి భాగంలో షాట్లు పొడుగ్గా ఉంటాయి, మనిషి తల నుంచి కాలి దాకా కనిపిస్తాడు. తుపాకిలో తూటాల మ్యాగజీన్ ఖాళీ అయితే మార్చాలి, మార్చే ఆ ఒకటిన్నర సెకనులో శత్రువు మీదకి వస్తాడు. తూటాలు లెక్కపెట్టుకుంటూ చూడొచ్చు ఆ సినిమాని. 2017లో రెండో భాగానికి తూటా దిగని లైనింగుతో సూటు వచ్చింది. అక్కడ మొదలైంది తేడా. 2023 నాటి నాలుగో భాగానికొచ్చేసరికి హీరో కోటు అంచు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుని తూటాల వానలో నడిచిపోతాడు. ఎదుటివాళ్లకీ అలాంటి కవచాలే. ఒక్కొక్కణ్ణి పడగొట్టడానికి నాలుగైదు తూటాలు కావాలి. పోరాటం నిడివి పెరిగింది, ప్రమాదం తగ్గింది. 169 నిమిషాల సినిమాలో నాకు బరువనిపించిన చోట్లన్నీ ఆ సూటు పుణ్యమే.

అదే సినిమాలో పారిస్ మెట్ల ఘట్టం మాత్రం అద్భుతం. మోన్‌మార్త్ర్ కొండ మీది చర్చికి ఎక్కే 222 మెట్లవి. సూర్యోదయానికల్లా పైన ద్వంద్వయుద్ధానికి చేరాలి, లేకపోతే ఓడినట్టే. కిందా మీదా పడి దాదాపు చివరి దాకా ఎక్కుతాడు, ఒక్క తన్నుకి మొదటికి దొర్లిపోతాడు. సూటు తూటాని ఆపుతుంది గానీ మెట్లని ఆపలేదు. ఎంత దూరం మిగిలింది, ఎంత సమయం మిగిలింది, రెండూ ఒకే చూపులో తెలుస్తున్నాయి.

ఇక కన్ఫ్యూజన్ సంగతి. పోరాటం అర్థం కాకపోతే మన కళ్లదే తప్పనుకుంటాం. కాదు. 'టేకెన్' మూడో భాగంలో హీరో కంచె దూకే చోట కొన్ని సెకన్లలోనే పదికి పైగా కట్లు పడ్డాయి, అంటే అన్నిసార్లు షాటు మారింది. సాధారణంగా ఇలా జరగడానికి కారణాలు మూడు. నటుడికి ఆ కదలిక రాకపోతే ముక్కలు చేసి అతికిస్తారు. పిల్లలకీ అనుమతించే సర్టిఫికెట్ కావాలంటే దెబ్బ తగిలే క్షణం కత్తిరిస్తారు. మూడోది, నాలుగైదు కెమెరాలతో ఒకేసారి తీసేసి, ఎడిటింగ్ టేబుల్ మీద చూసుకుందాంలే అనుకోవడం.

అయితే కట్లు ఎక్కువైతే చాలు చెడిపోతుందనీ కాదు. 2015లో వచ్చిన 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్'లో రెండు గంటలకి సుమారు 2,700 కట్లున్నాయి, అంటే సగటున షాటుకి మూడు సెకన్లు కూడా లేదు. అయినా కన్ను తడబడదు. దర్శకుడు జార్జ్ మిల్లర్ ముఖ్యమైన దాన్ని ప్రతి షాట్లోనూ ఫ్రేము నడిమధ్యే ఉంచమన్నాడు. షాటు మారినా చూపు కదలక్కర్లేదు. ఎడిటర్ మార్గరెట్ సిక్సెల్‌కి ఆ సినిమాకే ఆస్కార్ దక్కింది. ఇంట్లో పరీక్ష కావాలంటే, ఏ పోరాటాన్నైనా అయిదు చోట్ల ఆపి చూడండి. హీరో ఎటు ఉన్నాడు, శత్రువు ఎటు ఉన్నాడు, తలుపెక్కడ? మూడుసార్లు చెప్పలేకపోయారంటే లోపం సినిమాదే.

మన 'బాహుబలి' మీద నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. పోరాటం వరకు నా ఓటు 2015 నాటి మొదటి భాగానికే. కాలకేయులతో యుద్ధానికి ముందే త్రిశూల వ్యూహం వివరిస్తారు, కాబట్టి ఏ దళం ఎటు వెళ్తోందో తెలుస్తుంది. పైగా బాహుబలికి మంచి ఆయుధాలు అందకుండా చేస్తారు. ఆ లోటులోంచే గుడ్డ యుక్తి పుట్టింది: నూనెలో తడిపిన పెద్ద బట్టని శత్రువుల మీదకి విసిరి నిప్పుబాణం వేయడం. 2017 నాటి రెండో భాగంలో తాటిచెట్లు వంచి సైనికుల్ని కోటలోకి విసురుతారు. చూడ్డానికి కొత్తే, కానీ అది ఎప్పుడు విఫలమవుతుందో మనకి చెప్పలేదు. విఫలమయ్యే వీలు లేనిదాన్ని చూసి చప్పట్లు కొడతాం గానీ ఊపిరి బిగబట్టం.

ఇప్పుడు యానిమేషన్ ఎపిసోడ్లు. వీటిని పిల్లల వ్యవహారమని పక్కన పెట్టేస్తారు, అది నాకు నిజంగా బాధ. 22 నిమిషాల ఎపిసోడ్‌కి సెకనుకి 24 చొప్పున 31,680 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపినా, అంతా కదలాలంటే 15,840 బొమ్మలు గీయాలి. టీవీ బడ్జెట్‌కి అది కుదరదు. అందుకే మాట్లాడేటప్పుడు పెదాలే కదుపుతారు, నడక బొమ్మలు మళ్లీ వాడతారు, బ్యాక్‌గ్రౌండ్‌ని జరుపుతారు. అలా మిగిల్చిన బొమ్మల్ని ఒక్క నిమిషం పోరాటంలో కుమ్మరిస్తారు. పోరాటం మధ్యలో మొహాలు వంకరపోయాయంటే రెండు ముఖ్యమైన భంగిమల నడుమ గీసే మధ్య బొమ్మలకి టైము చాల్లేదని అర్థం. బొమ్మ నిలబడిపోయి వెనక గీతలు మాత్రమే పరుగెడుతున్నాయంటే, డబ్బు ముందే ఖర్చయిపోయిందని.

2005 నుంచి 2008 దాకా 61 ఎపిసోడ్లు నడిచిన 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్'లో యోధులు నీరు, నిప్పు, మట్టి, గాలిని ఆడిస్తారు. ఒక్కో శక్తికి ఒక్కో చైనా యుద్ధవిద్య: నీటికి తాయ్-చీ, నిప్పుకి ఉత్తర షావోలిన్, మట్టికి హుంగ్-గర్, గాలికి బాగువా పద్ధతులు. కాళ్ల నిలకడ చూసి ఎవరిది ఏ శక్తో చెప్పొచ్చు. ముగింపులో జూకో, అజూలా అన్నాచెల్లెళ్ల అగ్నిద్వంద్వం ఉంది. తోకచుక్క వల్ల ఇద్దరి బలమూ పెరిగింది, కాబట్టి బలంతో తేలదు. అన్నది నారింజ మంట, చెల్లెలిది నీలి మంట, ఎవరు తోస్తున్నారో రంగే చెబుతుంది. అజూలా ఓడిపోతూ, పక్కన నిలబడ్డ జూకో స్నేహితురాలు కటారా మీదకి మెరుపు విసురుతుంది. మెరుపును ఒంట్లోంచి మళ్లించే విద్య జూకోకి వచ్చు. కానీ అడ్డం దూకాడు, కాళ్లు నేల మీద లేవు, పూర్తిగా మళ్లించలేక కూలిపోతాడు. వచ్చిన విద్యే ఆ క్షణానికి అందలేదు. వందల కోట్ల సీక్వెల్స్‌లో ఇంత శుభ్రమైన హద్దు అరుదు.

హైదరాబాద్‌లో తయారై 2008 నుంచి వస్తున్న 'ఛోటా భీమ్' గురించీ ఒక మాట. భీమ్ లడ్డు తినగానే పిల్లలు గంతులేస్తారు, ఆ ఆనందాన్ని తక్కువ చెయ్యను. కానీ లడ్డు నోట్లో పడగానే పోరాటం అయిపోయినట్టే, జాన్ విక్ సూటు లాగే. రచయితలకి నా విన్నపం: లడ్డు రావడం రెండు నిమిషాలు ఆలస్యం చెయ్యండి. ఆ రెండు నిమిషాలు చుట్కీ, రాజు ఏం చేస్తారో చూపించండి.

ఇప్పుడు తెర మీద మెట్ల ఘట్టం వేస్తున్నాం, సౌండ్ తీసేసి. అతను ఎక్కడెక్కడ ఆగి ఊపిరి తీసుకుంటాడో గమనించండి. తర్వాత అగ్నిద్వంద్వం వేస్తాం. అందులో జూకో పాదాలు చూడండి.