కాన్వెంటు సీటు ఎవరికి, ఏ లెక్కన?

(హనుమకొండలో ఒక కతోలిక విచారణ, అంటే పారిష్, తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

ఫాదర్ గారికి, సిస్టర్లకు, బ్రదర్లకు, ఆదివారం పూజ అయిపోగానే ఇండ్లకు పోకుండా ఇక్కడే కూర్చున్న తల్లిదండ్రులకు నమస్కారం.

కతోలిక హైస్కూళ్లలో ఎవరికి సీటిస్తారు, ఎవరికి ఇయ్యరు, ఎందుకు అన్న సంగతి మాట్లాడమన్నారు. ఈ మాట తెలియగానే నాతో పనిచేసిన లెక్కల సార్ ఒకాయన, "సీటు దొరకనోళ్లకు కోపం ఎట్లాగూ ఉంటది. ఎట్లా దొరికిందో చెప్తే దొరికినోళ్లకు గూడ వస్తది, చూసుకో" అన్నాడు. నేను రిటైరైన టీచర్ని, ఇప్పుడు ఏ మేనేజ్‌మెంటులోనూ లేను. కాబట్టి కొంచెం ధైర్యంగానే మాట్లాడతాను.

హైస్కూలు అడ్మిషన్ అంటాం గానీ మన కాజీపేటలోగానీ హనుమకొండలోగానీ హైస్కూలు సీటు తేలేది ఎల్‌కేజీలోనే. నాలుగేళ్ల వయసులో గేటు లోపలికి వచ్చిన పిల్లలే దాదాపుగా పదో తరగతి దాకా సాగుతారు. ఆరులోనో ఎనిమిదిలోనో ఖాళీ అయ్యేవి ఏ రైల్వే ఉద్యోగికో, బ్యాంకు ఉద్యోగికో బదిలీ అయి టీసీ తీసుకుపోతే మిగిలే కొద్ది సీట్లు. మంచిర్యాల, గోదావరిఖని వైపైతే సింగరేణి బదిలీలు. ఆ కొద్ది సీట్లకు రాత పరీక్ష పెడతారు, దాని గురించి ఊరంతా మాట్లాడుకుంటుంది. కానీ ఈ ఏడు పదో తరగతి గ్రూప్ ఫోటోలో ఎవరు నిలబడతారో ఎల్‌కేజీ ఫారం తీసుకున్న కౌంటరు దగ్గరే, పన్నెండేళ్ల కింద, ఖాయమైపోయింది. అందుకే నా మాటలన్నీ ఆ కౌంటరు చుట్టే తిరుగుతాయి.

పిల్లల్ని ఎంచుకునే హక్కు స్కూలుకు ఎక్కడిది? రాజ్యాంగంలోని 30వ అధికరణం మత, భాషా మైనారిటీలకు తమకు నచ్చిన విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కునిచ్చింది. నడుపుకోవడంలో పిల్లల్ని చేర్చుకోవడం కూడా భాగమేనని కోర్టులు చెబుతూ వచ్చాయి. 1958లో కేరళ విద్యా బిల్లు మీద సుప్రీంకోర్టు అభిప్రాయం చెబుతూ, బయటి పిల్లల్ని కొద్దిమందిని చేర్చుకున్నంత మాత్రాన మైనారిటీ స్కూలు తన స్వభావం పోగొట్టుకోదన్నది. ఆ 'కొద్దిమంది' దగ్గర మన దగ్గర లెక్క తిరగబడింది. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో క్రైస్తవులందరూ కలిపినా నూటికి ఒకటిన్నర మంది లేరు. అందులో కతోలికులు ఒక భాగం. మన స్కూళ్లలో కొద్దిమంది ఎవరో, ఎక్కువమంది ఎవరో ప్రార్థన వేళ అసెంబ్లీలో నిలబడి చూస్తే చాలు.

ప్రభుత్వ సాయం తీసుకునే ఎయిడెడ్ స్కూళ్లకు 29వ అధికరణం రెండో క్లాజు అడ్డం ఉంది. మతం, జాతి, కులం, భాష మాత్రమే కారణంగా చూపి ఎవరికీ ప్రవేశం నిరాకరించకూడదని అది అంటుంది. ఈ రెండు అధికరణాల మధ్య రాజీ కుదర్చడానికి ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీ కేసులో 1991లో సగం సీట్ల దాకా తమవాళ్లకు ఇచ్చుకోవచ్చన్నారు. 2002లో టీఎంఏ పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండు మంది జడ్జీలు కూర్చుని, అట్లా ఒకే అంకె అందరికీ పెట్టడం కుదరదు, స్థానిక పరిస్థితిని బట్టి ఉండాలన్నారు. ఎయిడ్ తీసుకోని స్కూళ్లకు ఇంకా వెసులుబాటు ఉంది. కోర్టు సంగతులు ఇక్కడితో చాలిద్దాం, ఇంకొక్కటి తప్ప.

ఆ ఒక్కటి విద్యాహక్కు చట్టం. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాని 13వ సెక్షన్ ప్రకారం పిల్లల్నిగానీ తల్లిదండ్రుల్నిగానీ పరీక్షించి, ప్రశ్నించి ఎంపిక చేయకూడదు. చేస్తే మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. ఎంపిక చేయాల్సి వస్తే లాటరీ లాంటి పద్ధతే. అయితే 2014 మే 6న ప్రమతి ట్రస్టు కేసులో అయిదుగురు జడ్జీల బెంచి ఈ చట్టం మైనారిటీ స్కూళ్లకు, ఎయిడెడ్ అయినా కాకున్నా, వర్తించదని చెప్పింది. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు జడ్జీల బెంచి, టీచర్ల అర్హత పరీక్ష కేసు విచారిస్తూ, ఆ తీర్పు సరైనదేనా అన్న సందేహం వెలిబుచ్చి, దాన్ని పెద్ద బెంచికి పంపే సంగతి చూడమని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. కనుక మనకున్న ఈ మినహాయింపు ఎల్లకాలం ఇట్లాగే ఉంటుందనుకోవద్దు. డొనేషన్ విషయంలో మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. 1983 నుంచీ మనకు క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం ఉంది.

చట్టం వదిలిపెట్టింది కదా అని శ్రీసభ, అంటే కతోలిక చర్చి, వదిలిపెట్టిందా? లోకంలోని కతోలిక బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న విద్య మీద ఒక ప్రకటన చేసింది. అందులో తొమ్మిదో పేరాలో కతోలిక స్కూళ్లు ప్రత్యేకంగా ఎవర్ని చూసుకోవాలో రాసి ఉంది. మొదట లోకపు సొమ్ము లేని పేదలు. తర్వాత ఇంటి ఆదరణ, ప్రేమ కరువైన పిల్లలు. తర్వాత విశ్వాసం అనే వరానికి దూరంగా ఉన్నవాళ్లు. కతోలికులకు మాత్రమే అనలేదు, చూడండి. అడ్మిషన్ ఫారం వెనక అచ్చువేయదగ్గ పేరా అది. మన పీఠంలో, అంటే మన బిషప్పు గారి కిందున్న ప్రాంతంలో, స్కూళ్లు పెట్టినవాళ్లు కూడా ఈ దారిలో వచ్చినవాళ్లే. వరంగల్ పీఠం 1952లో హైదరాబాదు నుంచి వేరుపడేనాటికి ఇటలీ పీమె మిషనరీ సంఘం గురువులు, అంటే ఫాదర్లు, ఊళ్లలో మతబోధ చేసే ఉపదేశుల్ని పెట్టి, గుడిసె బడులు నడిపించి ఉన్నారు. ఆ బడుల్లో ఫారమే లేదు, ఇంటర్వ్యూ ఎక్కడిది?

ఇప్పటి కౌంటరు దగ్గరికి వద్దాం.

ఒక స్కూల్లో, పేరు వద్దు, అడ్మిషన్ల రోజు. పరకాల వైపునుంచి ఒక తల్లి వచ్చింది. మొగుడు సుతారి మేస్త్రీ దగ్గర పని. చేతిలో పాలిథిన్ కవరు, అందులో పిల్ల జ్ఞానస్నాన (బాప్తిస్మ) పత్రం జిరాక్సు, విచారణ గురువు రాసిచ్చిన లెటరు, ఆధారు, దాంతోపాటు కుల ధ్రువీకరణ పత్రం. కౌంటరులో ఉన్న క్లర్కు అన్నీ తీసుకుని టేబుల్ మీద పక్కపక్కన పరిచిండు. జ్ఞానస్నాన పత్రంలో పిల్ల పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల (గాడ్‌పేరెంట్స్) పేర్లు, గురువు సంతకం. కుల పత్రంలో ఎస్సీ. "అమ్మా, మతం గడిలో ఏం రాయమంటవు?" అని వెనక పదిమంది వింటుండగా అడిగిండు. ఆమె ఏమీ మాట్లాడలే. కాసేపయినంక, "మీరే ఏదో ఒకటి రాయున్రి సార్, సీటయితే ఇయ్యున్రి" అన్నది.

ఆ గడి వెనక ఎంత ఉందో తెలియాలంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు గుర్తుచేసుకోవాలి. ఎస్సీ హోదా హిందువులకే అన్నది ఆ ఉత్తర్వు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు బీసీ-సి కిందికి వస్తారు, దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. దీని మీద 2004లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ నాయకత్వంలో కమిషన్ వేసింది. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ ఒకరి కేసులో, జ్ఞానస్నానం పొంది చర్చికి వెళుతూ ఎస్సీ పత్రం కోరడం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. రేపు కుల పత్రం మీద ఎంక్వయిరీ వస్తే చూసేవాటిలో స్కూలు రికార్డు ఒకటి. అంటే కతోలిక ప్రాధాన్యం కింద ఎల్‌కేజీ సీటు తీసుకున్న పిల్ల, అదే ఫారంతో, తర్వాత రావాల్సిన స్కాలర్‌షిప్పునూ గురుకులం కోటానూ వదులుకున్నట్టు కావచ్చు. అయిదు నిమిషాల్లో, క్యూలో నిలబడి తేల్చుకునే విషయమా ఇది?

ఎవర్నీ దాచిపెట్టమని నేను చెప్పడం లేదు. చట్టం ఉన్నదున్నట్టు తల్లిదండ్రులకు ముందే, విచారణలోనే, నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పాలంటున్నాను. స్కూలుకు కావలసింది ఈ కుటుంబం మన విచారణలోదా కాదా అన్నది. అది గురువు గారి ఒక్క లెటరుతో తెలుస్తుంది. మూడు పత్రాలు పక్కపక్కన పరిచి పదిమందిలో అడగడం ఎందుకు?

ఇంకో సంగతి ఆ తల్లి విషయంలోనే. సీటు దొరికింది. జూన్‌లో పిల్ల రాలేదు. ఫీజు, బస్సు, రెండు జతల యూనిఫారం, బూట్లు లెక్క కట్టుకుంటే కుదరలేదు. ఫారంలో కతోలికులకు మొదటి ప్రాధాన్యం అని ఉంటుంది, ఫీజు కౌంటరులో మాత్రం అందరూ సమానం. అప్పుడు ఆ ప్రాధాన్యం ఎవరికి పనికొస్తుంది? అప్పటికే ఫీజు కట్టగలిగిన కతోలికులకు. మిగతావాళ్లు అయిదో తరగతి దాకా ఊరి బళ్లో చదివి గురుకుల ఎంట్రన్స్ రాసుకుంటారు. గురుకులాల మీద నాకు గౌరవమే. కానీ మన పీఠంలోని కూలీల పిల్లలు మన స్కూళ్ల గేటు ముందునుంచి అక్కడికి పోతున్నారంటే కొంచెం సిగ్గుపడాల్సిన విషయమే.

ఇక మిగిలిన సీట్లు, అంటే చాలా సీట్లు. కతోలిక పిల్లలు ఎంతమంది వచ్చినా సెక్షను నిండదు. కాబట్టి మతం చూసి సీటిస్తారన్న నింద మన స్కూళ్ల మీద పెద్దగా నిలవదు. మతం కాకపోతే మరి ఏం చూస్తారు? తల్లి డిగ్రీ చదివిందా, తండ్రి ఉద్యోగమేంటి, ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడతారా, ఎవరి లెటరు తెచ్చారు. ఎమ్మెల్యే గారి పీఏ ఫోను, బ్యాంకు మేనేజరు గారి మాట, పూర్వ విద్యార్థి సిఫారసు. ఒక ప్రిన్సిపాల్ సిస్టర్ నాతో చాలా నిజాయితీగా అన్నారు: "ఇంట్లో చదివించేవాళ్లు లేకపోతే రిజల్ట్ పడిపోతుంది సార్. రిజల్ట్ పడితే ఫీజు కట్టేవాళ్లు పక్క కార్పొరేట్ స్కూలుకు పోతారు. అప్పుడు పేదపిల్లలకు రాయితీ ఎక్కణ్నుంచి ఇవ్వను?" ఆమె చెప్పిన దాంట్లో న్యాయం ఉంది. ఆ బాధ జీతాలిచ్చేవాళ్లకే తెలుస్తుంది. అయినా చదువుకున్న ఇంటి పిల్లల్ని ఏరుకుని, పదో తరగతి ఫలితాలప్పుడు చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టుకుంటే, ఆ ర్యాంకుల్లో స్కూలు వాటా ఎంత, ఇంటి వాటా ఎంత? టీచరుగా ఆ ఫ్లెక్సీల్లో నా సబ్జెక్టు మార్కులు చూసి మురిసినవాణ్నే, అయినా అడుగుతున్నాను.

ఇంగ్లండు సంగతి కొంచెం చెప్తాను, పోలిక కోసం. అక్కడ పదకొండేళ్లకు సెకండరీ స్కూలుకు మారతారు. ప్రభుత్వ డబ్బుతో, ఫీజు లేకుండా నడిచే కతోలిక సెకండరీ స్కూళ్లు వందల్లో ఉన్నాయి. అక్టోబరు 31 లోపు దరఖాస్తు, మార్చి 1న ఫలితం. ప్రతి స్కూలూ ఎంతమందిని చేర్చుకుంటుందో, ఎక్కువమంది వస్తే ఏ వరసలో ఇస్తుందో ముందే ప్రచురించాలి. సాధారణంగా ముందు ప్రభుత్వ సంరక్షణలో పెరుగుతున్న కతోలిక పిల్లలు, తర్వాత జ్ఞానస్నానం పొందిన పిల్లలు, ఆ తర్వాత సంరక్షణలో ఉన్న ఇతర పిల్లలు, తక్కిన క్రైస్తవులు, తక్కిన మతాలవాళ్లు. కొన్ని స్కూళ్లు పూజకు క్రమంగా వస్తున్నారని గురువు సంతకం కూడా అడుగుతాయి. సమానంగా ఉంటే ఎవరిల్లు దగ్గరైతే వాళ్లకు. తల్లిదండ్రుల్ని ఇంటర్వ్యూ చేయకూడదు, వాళ్ల జీతం అడగకూడదు. సీట్లు మిగిలితే మతం చూడకుండా ఇవ్వాల్సిందే. సీటు రాకపోతే స్వతంత్ర ప్యానెల్ ముందు అప్పీలు. లండన్‌లో పేరున్న ఒక స్కూలు, చర్చిలో పాటలు పాడినందుకూ పూలు అలంకరించినందుకూ లెక్క వేసే పద్ధతి పెట్టుకుంటే, 2014లో అడ్మిషన్ల తగాదాలు తేల్చే అధికారి, అడ్జుడికేటర్, తప్పుపట్టారు. మనవాళ్లు వింటే నవ్వుతారు. పూలు అలంకరించడమే నేరమైతే మన దసరా సెలవుల్లో చర్చికి సున్నం వేయించిన పేరెంట్ల గతేంటి! అక్కడా అంతా సవ్యంగా లేదు. సీటు కోసం ఆలస్యంగా జ్ఞానస్నానం ఇప్పించేవాళ్లు అక్కడా ఉన్నారు. స్కూలు ఖర్చు అక్కడ ప్రభుత్వానిది, ఇక్కడ తల్లిదండ్రులది. ఆ తేడా చిన్నది కాదు. కానీ వరస రాసి గోడకు అంటించడానికి ఖర్చేమీ లేదు కదా.

నేనడిగేది అదే. మన స్కూళ్లు తమ వరస కాగితం మీద పెట్టి, ఫారాలిచ్చే రోజుకు ముందే నోటీసు బోర్డు మీద అంటించాలి. విచారణ కతోలిక పిల్లలు ముందు అంటే అనండి, ఆ హక్కు ఉంది. దాంతోపాటు ఆ పిల్లల్లో ఫీజు కట్టలేనివాళ్లకు ఎన్ని రాయితీ సీట్లో కూడా రాయండి. తర్వాత మతంతో పనిలేకుండా పేద పిల్లలు, తల్లో తండ్రో లేని పిల్లలు. కరోనా తర్వాత మన ఊళ్లలో అట్లాంటి ఇండ్లు ఎన్నున్నాయో మీకు తెలుసు. ఇప్పటికే చదువుతున్నవాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు. దగ్గరి వాడల పిల్లలు. మిగిలినవన్నీ స్కూలు గ్రౌండులో, తల్లిదండ్రులు చూస్తుండగా చీటీలు తీసి. చీటీ పద్ధతికి ప్రిన్సిపాళ్లు ఒప్పుకోరని తెలుసు. కానీ చీటీ ఉన్నచోట ఎమ్మెల్యే పీఏ ఫోన్ చేసినా సిస్టర్ గారు "బుట్టలో పేరు వేస్తాం సార్" అనొచ్చు. అంతకంటే ప్రశాంతమైన మార్చి నెల ఏ ప్రిన్సిపాల్‌కు దొరుకుతుంది? సీటు రాని తల్లికి కారణం ఒక్క ముక్కలో రాసివ్వాలి. పీఠం విద్యా విభాగంలో ఒకరు ఆ ఫిర్యాదు వినాలి.

మన చుట్టుపక్కల స్కూళ్ల ఫారాలు కొన్ని తెచ్చాను, ఆ టేబుల్ మీద ఉన్నాయి, చూడండి. చాలావాటిలో తల్లి చదువు, నెలసరి ఆదాయం అన్న గడులున్నాయి. ఆదాయం గడి ఫీజు రాయితీ కోసమైతే ఉంచమనండి. తల్లి చదువు గడి దేనికో సిస్టర్లు ఇక్కడే ఉన్నారు, వాళ్లనే అడుగుదాం. మైకు అటు ఇవ్వండి.