ఏడో తరగతిలో ఇద్దరు తాతలు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఈ గురుపూజోత్సవానికి నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన మిత్రులకు, ముందు వరుసలో కూర్చున్న నా పాత విద్యార్థులకు నమస్కారాలు. పేరుపేరునా చెబితే నాకిచ్చిన ఇరవై నిమిషాలూ అక్కడే అయిపోతాయి, ఏమీ అనుకోకండి. ‘ప్రాథమికోన్నత స్థాయిలో సాంఘిక శాస్త్ర బోధన’ అని అంశం ఇచ్చారు, నాలుగు పేజీలు రాసుకొచ్చాను కూడా. కానీ ఇందాక టీ దగ్గర ఒక టీచరమ్మ, ఉద్యోగంలో చేరి రెండేళ్ళయిందట, నాతో ఒక మాట అంది. "సార్, మా దగ్గర వారానికి రెండు సోషల్ పీరియడ్లు లెక్కలకి ఇచ్చేశారు" అని. అది విన్నాక ఆ నాలుగు పేజీలు చదవబుద్ధి కావడం లేదు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను విన్న మాట అది. సోషల్‌దేముంది మాస్టారూ, ఇంట్లో చదువుకుంటే వచ్చేస్తుంది. తల్లిదండ్రులు అన్నారు, హెచ్ఎంలు అన్నారు, తనిఖీకి వచ్చినవాళ్ళూ అన్నారు. పరీక్షలు దగ్గరపడితే ముందు పోయేది పీటీ పీరియడు, తర్వాత మాది. మిగిలిన కాస్త టైములో బిట్లు చెప్పించి, ఖాళీలు పూరింపించి, సిలబస్ అయిందనిపించడం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలండీ వాళ్ళు! పదకొండు, పన్నెండేళ్ళ వయసు. ఏది చెప్పినా "నిజంగానా సార్? మీకెలా తెలుసు?" అని అడిగే వయసు. చరిత్ర అంతా ఆ ‘ఎలా తెలుసు’లోనే ఉంది కదా.

నేను గాజువాక వైపు పని చేసినప్పటి సంగతి చెబుతాను. ఇరవై ఏళ్ళు దాటింది. ఏడో తరగతికి పటాల పాఠం. మీ ఊరి పటం గీసుకురండి అన్నాను. అందరూ ఇల్లు, బడి, బస్టాపు గీశారు. నిర్వాసిత కాలనీ నుంచి వచ్చే ఒక పాప మాత్రం రెండు పటాలు తెచ్చింది. ఒకటి కాలనీది. రెండోదాంట్లో చెరువు, తాటితోపు, అమ్మవారి గుడి, నూతి పక్కన వాళ్ళ ఇల్లు. ఇదెక్కడమ్మా అంటే, "ఇది మా ఊరు సార్, ఇప్పుడు స్టీల్‌ప్లాంట్ లోపలుంది, తాత చెప్తుంటే గీశాను" అంది. దాంతోపాటు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా చుట్టిన వాళ్ళ తాత ఆర్ కార్డు, అంటే ప్లాంటుకి భూములు పోయిన నిర్వాసితులకిచ్చిన కార్డు, కూడా తెచ్చింది, మాస్టారు నమ్మరేమోనని. ఆధారం చూపించాలని ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు, నేను కూడా.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే అంతకు ముందు నెలలోనే అదే క్లాసుకి పరిశ్రమల పాఠం చెప్పాను, విశాఖ ఉక్కు గురించి గొప్పగా చెప్పాను, ఆ ప్లాంటు కోసం 20 వేల ఎకరాలకు పైగా నేల తీసుకున్నారని, ఆ నేల మీద ఊళ్ళు ఉండేవని ఒక్క ముక్క చెప్పలేదు.

మర్నాడు ఆ తాతగారిని బడికి పిలిచాను. క్లాసులోనే ఇంకో కుర్రాడు లేచి, మా తాత 1966లో విశాఖకి ఉక్కు ఫ్యాక్టరీ కావాలన్న ఉద్యమంలో తిరిగాడు సార్, ఆయన్నీ తీసుకొస్తాను అన్నాడు. సరే, ఇద్దరూ వచ్చారు. ఉద్యమం తాత మొదలుపెట్టారు. అమృతరావు గారు నిరాహార దీక్షకు కూర్చోవడం, ఊరేగింపులు, కాల్పులు, రాష్ట్రమంతా కలిపి 32 మంది చనిపోవడం. చెబుతూ ఆయన గొంతు పూడుకుపోయింది. ఈ ఫ్యాక్టరీ రాకపోతే ఇంతమంది ఎలా బతికేవాళ్ళు, నీ మనవరాలు ఈ బడిలో ఉండేదా అన్నారు రెండో ఆయనతో. ఆయన నెమ్మదిగా అన్నారు: "వొద్దన్నానేటి బాబూ? ఆ రోజు నానూ జై కొట్టినోన్నే. కొట్టినప్పుడు మా ఊరే పోతాదని తెల్దు."

క్లాసులో చప్పుడు లేదు. అప్పుడు వెనక బెంచీ కుర్రాడొకడు అడిగాడు. "తాతా, తెలిస్తే కొట్టేవాడివా?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. "సెప్పలేను బాబూ" అన్నారు.

మిత్రులారా, ఏ లెసన్ ప్లానులో రాయగలం దీన్ని? ఆ వారం పిల్లలు తేదీల కోసం వాళ్ళంతట వాళ్ళే నా వెంటపడ్డారు. పార్లమెంటులో ఇందిరాగాంధీ ప్రకటన 1970 ఏప్రిల్ 17, శంకుస్థాపన 1971 జనవరి 20, జాతికి అంకితం 1992 ఆగస్టు 1. ప్రతి తేదీ పక్కనా అప్పటికి తాతకి ఎన్నేళ్ళో లెక్కేసి రాసుకున్నారు. బట్టీ పట్టించాల్సిన పనే లేకపోయింది.

తర్వాత నెల తనిఖీకి వచ్చిన ఒక అధికారి డైరీ తిరగేసి, సిలబస్‌లో లేని పాఠానికి నాలుగు పీరియడ్లు ఎందుకు వాడారని సంజాయిషీ అడిగారు. రాసిచ్చాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది, దాచుకోను.

అన్నట్టు గాజువాకే కానక్కర్లేదు. చందనోత్సవానికి సింహాచలం వెళ్ళని పిల్లాడు మన జిల్లాలో ఉండడు, అక్కడ కృష్ణదేవరాయల శాసనం ఉందని ఎంతమందికి చూపించాం? భీమిలి రోడ్డులో తొట్లకొండ ఎక్కించి, రాతిలో తొలిచిన ఆ తొట్లు చూపించి, ఇంత ఎత్తున ఆ కాలపు బౌద్ధ భిక్షువులకి నీళ్ళెలా దొరికాయో మీరే చెప్పండి అనండి. గంటసేపు వాదించుకుంటారు. బస్సు ఖర్చు తప్ప ఏం పోతుంది?

ప్లాంటును ప్రైవేటుకి ఇస్తామన్న 2021 నుంచి ఆ ఉద్యమం నాటి ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ నినాదం మళ్ళీ మన రోడ్ల మీద వినిపిస్తోంది. అది మొదట ఎవరన్నారు, ఎందుకన్నారు అని మీ ఏడో తరగతి పిల్లలు అడిగితే, దయచేసి, అది సిలబస్‌లో లేదని కూర్చోబెట్టకండి. ఇంట్లో ముసలివాళ్ళని అడిగి రమ్మనండి. త్వరగా అడగమనండి, నేను చెప్పిన ఆ ఇద్దరు తాతలూ ఇప్పుడు లేరు.

అమ్మా, టీచరమ్మా, నీ రెండు పీరియడ్లూ వెనక్కి అడుగు. ఈ వేదిక దిగగానే నీతో కలిసి మీ హెచ్ఎం దగ్గరికి నేనూ వస్తాను.

ఆ పాప గీసిన రెండో పటం తెచ్చాను. అప్పట్లో తనే నాకు ఇంకోటి గీసిచ్చింది. ముందు వరుస నుంచి చూసి వెనక్కి పంపండి. మడతల దగ్గర చిరుగుతోంది, కాస్త జాగ్రత్త.