కోర్టు మార్షల్లో కొడుకు డ్యూటీ, ఇంట్లో అమ్మకు టెన్షన్

యాంకర్: నమస్కారం. జవాన్ల కుటుంబాల కోసం మనం నడుపుతున్న ఫోన్-ఇన్‌కు స్వాగతం. ఆర్మీ న్యాయ విభాగంలో పనిచేసి రిటైరైన న్యాయవాది గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ దేవరకొండ నుంచి. చెప్పండి అన్నా.

శ్రోత: నమస్తే మేడం, నమస్తే సార్. మా పెద్దోడు గ్రీన్ కార్డు మీద అమెరికా ఆర్మీలో చేరిండు, ఇప్పుడు సార్జెంట్. మొన్న ఫోన్ చేసి "కోర్టు మార్షల్లో బెయిలిఫ్ డ్యూటీ పడింది నాన్నా" అన్నడు. కోర్టు మార్షల్ అనే మాట చెవిన పడంగనే వాళ్లమ్మ అన్నం ముట్టలేదు. వీడేం చేసిండు సార్?

న్యాయవాది: ఏం చేయలేదన్నా. కోర్టు మార్షల్ అంటే సైన్యం తనవాళ్ల మీద నడిపే కోర్టు. కేసు ఇంకొకరిది. విచారణ నడిచినన్ని రోజులు మీవాడు బెయిలిఫ్, అంటే కోర్టు హాలు చూసుకునే మనిషి. మామూలుగా ఈ పనికి ఏదో ఒక యూనిట్ నుంచి సోల్జర్‌ను పంపిస్తారు, కేసు అయిపోగానే తన పనికి తాను వెళ్లిపోతాడు. ముందు ఇంట్లో అమ్మకు ఆ మాట చెప్పండి.

శ్రోత: మరి ముద్దాయికి బేడీలేసి తెచ్చేది వీడేనా?

న్యాయవాది: కాదు కాదు. ముద్దాయి కాపలాకు ఎస్కార్ట్ వేరే ఉంటుంది. మీవాడు పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి కుర్చీలు, నీళ్లు, కాగితాలు సరిచూసుకోవాలి. జడ్జి వస్తుంటే అందరూ లేవాలని గొంతెత్తి చెప్పాలి. సాక్షిని బయట గదిలోంచి పిలుచుకురావాలి. అక్కడ ప్యానెల్ సభ్యులకు, అంటే జ్యూరీ లాంటి వాళ్లకు, సాక్షిని ఏదైనా అడగాలనిపిస్తే నోటితో అడగరు, కాగితం మీద రాసిస్తారు. బెయిలిఫ్ ఆ కాగితం అందుకుంటాడు. దాన్ని రెండు పక్షాల లాయర్లూ చూశాక జడ్జి అడగనిస్తాడు, లేదా పక్కన పెడతాడు. కాగితం చేతులు మారుతున్నప్పుడు హాలంతా దానివైపే చూస్తుంది. మోసేవాడి ముఖంలో మాత్రం ఏమీ కనబడకూడదు.

శ్రోత: తీర్పప్పుడు వీడు లోపలుంటడా?

న్యాయవాది: ప్యానెల్ గదిలో కూర్చుని తేల్చుకునేటప్పుడు తలుపు బయటే. పెద్ద నేరాలు విచారించే జనరల్ కోర్టు మార్షల్ అయితే, మరణశిక్ష కేసు కానప్పుడు, ప్యానెల్లో ఎనిమిది మంది. 2019 నుంచి ఆ లెక్క. చీటీల మీద రహస్యంగా ఓటేస్తారు. దోషి అనాలంటే కనీసం ఆరుగురు అనాలి. లోపలికి ఎవరూ పోకుండా చూడడమే మీవాడి పని, తానూ పోకూడదు. వాళ్లకేదైనా కావాలంటే తలుపు తడతారు.

శ్రోత: ఇంకో ముచ్చట సార్. ముద్దాయి వీడి యూనిట్ పిల్లగాడేనట. ఒక్క మెస్సులో తిన్నోళ్లు.

న్యాయవాది: అది ముందే చెప్పాల్సిన మాట. ఆ కేసులో ఫిర్యాదు చేసినవాడు, సాక్షి, దర్యాప్తు చేసినవాడు బెయిలిఫ్‌గా ఉండడానికి వీల్లేదు. ఉత్త స్నేహమైతే ఉంచాలా తీసేయాలా అన్నది వాళ్లు చూసుకుంటారు. డ్యూటీ వేసిన ఆఫీసులో ఇవాళే చెప్పమనండి. కోర్టు మొదలయ్యాక బయటపడితే చిక్కు. సరే, మీరు వాడితో రోజూ మాట్లాడతారా?

శ్రోత: రోజూ సార్. ఇక్కడ పొద్దున ఎనిమిదింటికి, వాడికి రాత్రి. "ఇయ్యాల కోర్టులో ఏమైందిరా" అని అడుగుత. చుట్టాల వాట్సాప్ గ్రూపుల గూడ పెట్టిన.

న్యాయవాది: అన్నా, మొదట ఆ మెసేజ్ తీసేయండి! విచారణ చాలావరకు బహిరంగంగానే జరుగుతుంది, పేపరు వాళ్లు వచ్చి రాసుకోవచ్చు. మీవాడి సంగతి అది కాదు. సాక్షుల మధ్య, ప్యానెల్ మధ్య తిరిగే మనిషి. ఇంకా బోనెక్కని సాక్షికి లోపలి మాట ఒక్కటి చేరినా ముద్దాయి తరఫు లాయర్ పట్టుకుంటాడు. అప్పుడు జడ్జి బెయిలిఫ్‌నే నిలబెట్టి అడగొచ్చు. తిన్నావా, పడుకున్నావా, బత్తాయి రేటు ఎంత పలికింది, ఇవి మాట్లాడుకోండి. కేసు ముగిసేదాకా కోర్టు ఊసెత్తొద్దు.

యాంకర్: అన్నకు బత్తాయి తోట ఉన్నట్టుంది, నవ్వుతున్నారు! కల్వకుర్తి నుంచి ఇంకో కాల్. చెప్పమ్మా.

శ్రోత: సార్, మా ఆయన మన ఆర్మీలనే జవాన్. ఆయన మీదనే సమ్మరీ కోర్టు మార్షల్ అంటున్నరు. ఇంగ్లిష్ రాదు, హిందీ అంతంతే.

న్యాయవాది: ఇది వేరే సంగతమ్మా, జాగ్రత్తగా వినండి. 1950 ఆర్మీ చట్టం ప్రకారం సమ్మరీలో కమాండింగ్ ఆఫీసర్ ఒక్కరే కోర్టు. ఇంకో ఇద్దరు, ఆఫీసర్లో జేసీవోలో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లో), పక్కన కూర్చుంటారు గానీ తీర్పులో వాళ్ల మాట ఉండదు. ఆ ఆఫీసర్ లెఫ్టినెంట్ కల్నల్ గానీ, ఆ పైన గానీ అయితే ఏడాది దాకా జైలు వేయొచ్చు.

శ్రోత: వకీలు పెట్టుకోవచ్చునా సార్?

న్యాయవాది: సమ్మరీలో సాయంగా ఒక మనిషిని పెట్టుకోవచ్చు. ఆయన పక్కనుండి సలహా చెప్తాడు, సాక్షులను ఏమడగాలో సూచిస్తాడు. వకీలైనా సరే, కోర్టులో లేచి వాదించలేడు. భాష గురించి మాత్రం మొహమాటపడొద్దు. దుబాసీ కావాలని ముందే రాసివ్వమనండి. అర్థం కాకుండా తలూపితే ఒప్పుకున్నట్టు రాసుకునే ప్రమాదం ఉంది. డిస్మిస్ చేసినా, మూడు నెలలు దాటి జైలు వేసినా సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు పోవచ్చు. మనకు చెన్నై బెంచి. ఛార్జిషీటు కాపీ ఇచ్చారా ఆయనకు?

శ్రోత: ఇచ్చిన్రట సార్, ఇంగ్లిష్‌ల ఉందట.

న్యాయవాది: ఫోటో తీసి పంపమనండి. కాల్ అయ్యాక లైన్లోనే ఉండండి, మా వాళ్లు నంబరు తీసుకుంటారు. చదివి తెలుగులో చెప్తాను.