టి.నగర్ స్కైవాక్ రివ్యూ: పెళ్లి బట్టలకి కార్లో మాత్రం వెళ్లకండి

హాయ్ అందరికీ! ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోకి ఒక ట్రాలీ బ్యాగుల కంపెనీ డబ్బులిచ్చింది, ఈ నీలం బ్యాగు కూడా వాళ్లు పంపిందే. చక్రాలు బాగా తిరుగుతున్నాయి, జిప్పు కొంచెం గట్టిగా ఉంది, బ్యాగు సంగతి అంతే. అక్క కూతురి పెళ్లి బట్టల కోసం ఈ బ్యాగు పట్టుకుని అమ్మతో చెన్నై టి.నగర్ వెళ్లాను. అక్కడి స్కైవాక్, అంటే రోడ్డుకి పైన ఎత్తులో కట్టిన నడకదారి, దాని గురించి మాట్లాడకుండా ఉండలేను.

లెక్కలు మీరు ఎక్కడో చూసే ఉంటారు. మాంబళం రైల్వే స్టేషన్ నుంచి టి.నగర్ బస్టాండు దాకా 570 మీటర్లు, 28 కోట్ల పైచిలుకు ఖర్చు, 2023 మేలో ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రారంభించారు. లిఫ్టులున్నాయి, ఎస్కలేటర్లున్నాయి. సరే, అవన్నీ పక్కన పెట్టండి.

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వాళ్లకి రంగనాథన్ స్ట్రీట్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. స్టేషన్ బయటికి రాగానే వీధి మొదలు, అటు చివర ఉస్మాన్ రోడ్డు. ఆ ఇరుకులోనే గిన్నెల షాపులు, బట్టల షాపులు, క్లిప్పులూ కర్చీఫులూ అమ్మేవాళ్లు, దీపావళి ముందైతే మనం నడవక్కర్లేదు, వెనకవాళ్లే తోసుకుంటూ తీసుకెళ్లిపోతారు. అంత రద్దీలో అసలేమీ కొనని వాళ్లు కూడా బోలెడుమంది ఉండేవాళ్లు. ట్రైన్ దిగారు, బస్సెక్కి ఇంటికి పోవాలి, అంతే, కానీ దారి అదే. ఇప్పుడు వాళ్లకి పైన దారి వేశారు. షాపులు కూల్చి వీధి వెడల్పు చేసే గొడవ లేకుండా, కొనడానికి వచ్చేవాళ్లని, దాటిపోయేవాళ్లని విడదీశారు చూడండి, నాకు విపరీతంగా నచ్చింది అదే!

మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లంటే భయం. లిఫ్ట్‌లో పైకి వెళ్లి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తన పాటికి తాను నడిచింది. మధ్యలో ఆగి కింద రోడ్డు చూస్తూ, "ఇదేదో అప్పుడే ఉండుంటే మీ నాన్న ప్రతిసారీ నా మీద కేకలేసేవారు కాదు కదరా" అంది. చీరల బ్యాగు లాక్కుంటూ ఆ మాట వింటుంటే ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అదే 2023 జూన్‌లో మన హైదరాబాద్ ఉప్పల్ స్కైవాక్ కూడా వచ్చింది. అదీ నాకిష్టమే, రింగ్ రోడ్డు చౌరస్తాలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటే పని తప్పింది. కానీ అది రోడ్డు దాటడానికి కట్టింది, ఇది బజారు మీద భారం తగ్గిస్తోంది. కోఠిలో బస్సు కోసం పరుగెత్తేవాళ్లూ, సుల్తాన్ బజార్లో బేరాలాడేవాళ్లూ ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటుంటే ఇలాంటి ఆలోచన మనవాళ్లకి ఎందుకు రాదా అనిపిస్తుంది.

ఇక నాకు ఒళ్లు మండిన విషయం టి.నగర్‌లోనే ఉన్న పాండీ బజార్. 2019లో అక్కడ త్యాగరాయ రోడ్డుని నడిచేవాళ్ల కోసం మార్చారు, ఫుట్‌పాత్ ఎంత వెడల్పంటే పిల్లలు పరుగులు పెట్టొచ్చు, కూర్చోవడానికి బెంచీలు కూడా ఉన్నాయి. అలాంటి ఫుట్‌పాత్ మీదకి బైకు ఎక్కించి, పైగా హారన్ కొడతారా? మనం పక్కకి తప్పుకోవాలట! కోట్లు పెట్టి బాగుచేసిన చోట బైకు దూరనివ్వకుండా స్తంభాలు దగ్గరదగ్గరగా పాతితే పోయేదేముంది?

దగ్గర్లోనే తణికాచలం రోడ్డులో మల్టీలెవల్ కార్ పార్కింగ్ కట్టారు. రోడ్డు మీద కార్లు తగ్గాలంటే అదీ కావాలి, కాదనను, కానీ చోటు దొరుకుతుందనే ధైర్యంతో ఇంకో నాలుగు కార్లు బయల్దేరతాయి. అందుకే నా ఓటు స్కైవాక్‌కే, 5కి 5.

ఈ సీజన్లో పెళ్లి బట్టలకి వెళ్లేవాళ్లు కారు ఇంట్లోనే ఉంచండి. చెన్నై సెంట్రల్‌లో దిగి, ఎదురుగా పార్క్ స్టేషన్‌కి దాటి, తాంబరం వైపు లోకల్ ఎక్కి మాంబళంలో దిగండి. రంగనాథన్ స్ట్రీట్‌లో పనుంటే కిందకి, బస్సెక్కాలంటే పైకి. ఇంట్లో పెద్దవాళ్లుంటే లిఫ్ట్ ఎటుందో ముందే అడగండి.