వాన లెక్క తెలిస్తేనే బావి లెక్క

శ్రోతలకు నమస్కారం. చెరువు కట్ట దిగువన ఒక బావి ఉందనుకోండి. అందులో ఊరుతున్నది చెరువు నీరా, లేక చుట్టుపక్కల పొలాల్లో కురిసి నేరుగా ఇంకిన వాన నీరా? రుచిని బట్టి, రంగును బట్టి తేల్చలేము. నీటి అణువుల బరువును బట్టి తేల్చవచ్చు.

నీటిలోని ఆక్సిజన్ పరమాణువుల్లో వెయ్యికి సుమారు రెండు, మిగతావాటి కంటే బరువైనవి. వాటిని ఆక్సిజన్-18 అంటారు. హైడ్రోజన్‌లోనూ డ్యుటీరియం అనే బరువైన రకం ఉంది, అది మరీ అరుదు. ఒకే మూలకంలో బరువు తేడాతో ఉండే ఇలాంటి రకాలను ఐసోటోపులు అంటారు. ఈ రెండింటికీ రేడియోధార్మికత లేదు కనుక ఆ మాట వినగానే బెదరవలసిన పని లేదు. ఎండకు చెరువు నీరు ఆవిరయ్యేటప్పుడు తేలికైన అణువులు ముందుగా లేచిపోయి, బరువైనవి వెనుకబడతాయి. అందువల్ల వేసవిలో అడుగంటిన చెరువు నీరు, కురిసిన నాటి వాన కంటే బరువుగా ఉంటుంది. వాన నీటిలో బరువైన ఆక్సిజన్ కొలత ఒక పాలు మారితే బరువైన హైడ్రోజన్ కొలత సుమారు ఎనిమిది పాళ్లు మారుతుందని 1961లో హార్మన్ క్రెయిగ్ అనే శాస్త్రజ్ఞుడు చూపారు. ఆవిరైన చెరువు నీటిలో ఆ ఎనిమిది తగ్గి, సాధారణంగా నాలుగు, ఆరు మధ్యకు దిగుతుంది. బావి నీరు వాన లెక్కతో సరిపోతే అది త్వరగా ఇంకిన వాన. చెరువు లెక్క వైపు ఒరిగితే, చెరువు వాటా ఎంతో కూడా అంచనా కట్టవచ్చు. పూడిక తీయాలా, కొత్తగా ఊటకుంట తవ్వాలా అని తర్జనభర్జన పడే ఊరికి ఇది చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

అయితే వాన లెక్క తెలియనిదే బావి లెక్క తేలదు. అందుకే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ కలిసి 1961 నుంచి అనేక దేశాల్లో నెలనెలా వాన నీటిని సేకరింపజేస్తున్నాయి. మన దేశంలో న్యూఢిల్లీ వానకు దీర్ఘకాలపు కొలతలున్నాయి. కానీ దక్షిణాదిన ఈశాన్య రుతుపవనాల వాన, నైరుతి వాన కంటే సాధారణంగా బరువైన అణువులు తక్కువై తేలికగా ఉంటుంది. నెల్లూరు బావికి ఢిల్లీ వానను కొలబద్దగా పెట్టలేము. 

ఆచరణకు సంబంధించి ఒక్క సంగతి మాత్రం చెబుతాను. సేకరించిన వాన ఆవిరి కాకూడదు. ఆవిరైతే సీసాలోని వాన కూడా చెరువు నీటిలాగే బరువెక్కి, లెక్కంతా తారుమారవుతుంది. పూర్వం నీటిపై పారఫిన్ నూనె పొర పోసేవారు. ఈ బరువు తేడాలను కొలిచే నేటి లేజర్ పరికరాలకు ఆ నూనె పడదు కనుక, గరాటు నుంచి సన్నని గొట్టాన్ని సీసా అడుగు దాకా దించడం మేలు. నెలాఖరున చిన్న సీసాను మెడ దాకా నింపి, మూత బిగించి, తేదీతో పాటు ఆ నెల ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో తప్పక రాయాలి. జల్లు పడిన నెలనూ కుండపోత కురిసిన నెలనూ సమానంగా కలిపి సగటు కడితే, నేలలోకి ఇంకిన నీటికి ఆ సగటు సరిపోలదు.